ఈ వారం సమస్య: కొలత తప్పిన వానికే కొయ్య లొంగు

రంపంపొట్టు (బర్మింగ్‌హాం):

అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఇచ్చే వంతు నాది. ఇదిగో తేటగీతి (నాలుగు పాదాల తెలుగు ఛందస్సు) చివరి పాదం. వైరుధ్యంలా కనిపించే దీనికి అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు రాసి పూరించాలి:

కొలత తప్పిన వానికే కొయ్య లొంగు

గడువు ఆదివారం రాత్రి. మీటరు, మిల్లీమీటరు లాంటి మాటలు పద్యంలోకి రానిస్తాను. యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒక అక్షరం కలవడం) తప్పితే మాత్రం మూలమట్టం మాస్టారు చూసుకుంటారు, నాకు సంబంధం లేదు.

ఈ పాదం ఎక్కడ పుట్టిందో చెప్పాలి. ఇక్కడ ఛానల్ 4లో 2021లో 'హ్యాండ్‌మేడ్: బ్రిటన్స్ బెస్ట్ వుడ్‌వర్కర్' అని ఒక పోటీ మొదలైంది. కేకుల పోటీతో ఇంటింటికీ తెలిసిన మెల్ గెడ్రోయిచ్ యాంకరు. పోటీలో ఉన్నవాళ్ళు మొట్టమొదట చెయ్యాల్సింది మంచం. పోయిన వారం ఆ మొదటి సిరీస్ మళ్ళీ పెట్టుకుని చూశాను. నేను పగలు కంప్యూటరు ముందు కూర్చునేవాణ్ణి, శనివారాలు గరాజులో ఉలి పట్టేవాణ్ణి. కాబట్టి నా కళ్ళు మంచం మీద తక్కువ, వాళ్ళ చేతుల మీద ఎక్కువ ఉంటాయి. టీవీ వాళ్ళకి గడియారం ముద్దు. నాకేమో జిగురు ఆరడం ఎందుకు చూపరా అని బాధ. నా పనిలో సగం టైం క్లాంపులు బిగించి టీ తాగడమే. తెల్ల జిగురు గంటలోపే పట్టుకుంటుంది గానీ పూర్తి బలం రావాలంటే ఒక రోజు పడుతుంది. పైగా చెక్క పొడవులో దాదాపు కదలదు, వెడల్పులో మాత్రం తేమకి ఉబ్బుతుంది, హీటర్లు పెట్టాక ముడుచుకుంటుంది. మార్కులు ఆ పూటే వేసేస్తారు. చలికాలం వచ్చాక ఆ మంచం పరిస్థితేమిటో ఏ ఎపిసోడ్‌లోనూ రాదు.

సరే, నా ఘనకార్యం. అమ్మ దేవుడి అలమర అడిగింది. ఓక్ పలక మీద పెన్సిల్‌తో గీత గీసి, సరిగ్గా ఆ గీత మీదే రంపం పెట్టాను. రంపం బ్లేడు మందం మూడు మిల్లీమీటర్లు. గీతకి అవతల పోవాల్సిన పొట్టు ఇవతల పోయింది. అరను గాడిలో పెడితే ఒక పక్క నుంచి వెలుతురు కనిపిస్తోంది. ఆ సందులోకి చూస్తూ కూర్చున్నప్పుడే ఈ పాదం తట్టింది. ఇక మీ దయ.

కృష్ణాతీరం:

మీ కథే మీకు ఒప్పజెబుతున్నాను.

గీత మీఁదనె కోసితి, గీత పోయె;
మూఁడు మిల్లీలు రంపమే మొదటఁ దినెను;
నేర్పె నీ తప్పు నాకెంతొ నేఁడు, నిజము,
కొలత తప్పిన వానికే కొయ్య లొంగు.

మూలమట్టం:

మొదటి పాదం బాగుందండీ. గీత మీద కోస్తే గీతే పోవడం వడ్రంగం తెలియనివాడికి కూడా కళ్ళకు కడుతుంది. మూడో పాదంలో మాత్రం చిక్కుంది. నేర్పెను + ఈ తప్పు అని మీ ఉద్దేశం. చదివేవాడు 'నీ తప్పు' అని చదివి, ఎదుటివాణ్ణి తిడుతున్నారేమో అనుకుంటాడు. గణాలు (గురులఘువుల లెక్క), యతి సరిపోయాయి కాబట్టి వదిలేయకుండా ఆ చోటు ఇంకోసారి చిత్రిక పట్టండి.

కృష్ణాతీరం:

చిత్తం మాస్టారూ. మా ఆవిడ కూడా అలాగే చదివింది.

డాలస్ కంది:

నాకు ఆ షో తెలియదు, ఇక్కడ 2015లో హెచ్‌జీటీవీలో ఎలెన్ డిజనరస్ పెట్టిన ఫర్నిచర్ డిజైన్ పోటీ చూశాను. లక్ష డాలర్ల బహుమతి. ఫైనల్లో ఒకాయన గెలిచాడని చెప్పేశారు. తర్వాత ఆయన చేసిన వస్తువు యూరప్‌లో ఒక డిజైనర్ అంతకుముందే చేసినదానికి మరీ దగ్గరగా ఉందని తీసేసి, ఇంకొకరికి ఇచ్చారు. మన దగ్గరైతే ఇంకొకరి పాదం పద్యంలో ఉండటమే నియమం కదా అని అప్పుడు నవ్వుకున్నాను. ఇక నా పూరణ:

గంట మ్రోఁగెను, జిగురింకఁ గట్టిపడదు;
తెరను గన్పడు మంచమ్ము తీరు చూడ
వంకయే సొంపటంచును వారు మెచ్చ,
కొలత తప్పిన వానికే కొయ్య లొంగు.

మూలమట్టం:

ఎత్తిపొడుపు బాగానే తగిలింది. గంట 'మ్రోఁగెను' అన్నాక జిగురు 'పడదు' అంటే కాలం కుదరలేదు. 'గట్టిపడక' అనండి, గణం చెడదు. పేరు కంది (వింటే కంద పద్యం గుర్తొస్తుంది), రాసింది తేటగీతి, అది మీ ఇష్టం.

రంపంపొట్టు:

న్యాయనిర్ణేతల తరఫున ఒక మాట చెప్పాలి. వాళ్ళు ఊరికే వంకని మెచ్చే రకం కాదు. మొదటి సిరీస్‌లో ఒక జడ్జి అలెక్స్ డి రైకె ఆర్కిటెక్టు. వాళ్ళ సంస్థ మళ్ళీ కట్టిన హేస్టింగ్స్ పియర్‌కి (సముద్రంలోకి కట్టిన వేదిక) 2017లో బ్రిటన్‌లో కట్టడాలకిచ్చే స్టర్లింగ్ బహుమతి వచ్చింది. 2010లో ఆ పియర్ తగలబడింది. కాలగా మిగిలిన పాత కలపని పారెయ్యకుండా కొత్త కట్టడంలో వాడారు. అలాంటి మనిషి ఒక ముక్కలో లోపం చూసి ముచ్చట పడ్డాడంటే, నేను కాస్త ఆగి చూస్తాను.

ముక్తపదం:

మీరంతా 'వానికే కొయ్య' దగ్గర ఎందుకు తంటాలు పడుతున్నారో అర్థం కాలేదు. విరిచి చూడండి.

వేప యైనను టేకైన వెదురునైన
మూలమట్టమె చూడక ముందె కోసి
పిదప నేడ్చిన నేమౌను? పిచ్చివాఁడ!
కొలత తప్పిన వాని కేకొయ్య లొంగు?

మూలమట్టం:

అమ్మా, శెభాష్! వానికి + ఏ కొయ్య. ఒక్క అక్షరం కదపలేదు, అర్థం తలకిందులైంది. అవధానంలో ఈ పూరణ చెబితే పృచ్ఛకుడు తన సమస్యని తనే మడిచి జేబులో పెట్టుకోవాలి. రంపంపొట్టుగారూ, నిజం చెప్పండి, ఈ విరుపు మీకు ముందే తెలుసా?

రంపంపొట్టు:

అబద్ధం చెప్పను, తెలియదు. ఏదో గొప్ప వైరుధ్యం ఇచ్చానని పొంగిపోతూ ఉన్నాను. అది కాస్తా మామూలు నీతివాక్యం అయిపోయింది!

డాలస్ కంది:

పైగా మాస్టారి పేరు (మూలమట్టం అంటే వడ్రంగి మూలలు సరిచూసే పనిముట్టు కదా) రెండో పాదంలో పెట్టి మార్కులు కొట్టేశారు. నేను నిరసన తెలుపుతున్నాను.

కొత్తచేయి:

నేను రాసిన పద్యాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, తప్పులుంటే మన్నించండి. మా తాత కొండపల్లిలో బొమ్మలు చేసేవాడు. పొణికి చెక్కని సెగ మీద ఆరబెట్టి, చేతులు వేరు, తల వేరు చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించేవాడు. ఆయన దగ్గర టేపు నేను చూడలేదు. ఏనుగు కాళ్ళు నాలుగూ సమంగా ఉన్నాయా అంటే, బొమ్మని అరుగు మీద పెట్టి వేలితో తట్టేవాడు. ఊగితే మళ్ళీ చెక్కేవాడు, అంతే. కొలత బాధ తప్పినవాడు అనే అర్థంలో రాశాను.

చేతి వేళ్ళవి కొలతలై చెలఁగుచుండ
టేపు నెఱుఁగఁడు మా తాత; తీర్చు బొమ్మ;
కట్టు దాఁటిన విద్యయే కళ యటండ్రు;
కొలత తప్పిన వానికే కొయ్య లొంగు.

మూలమట్టం:

బాబూ, 'తప్పిన' అనే మాటకి పొరపాటు చేయడం ఒక్కటే అర్థమని మేమంతా అనుకుంటుంటే, 'బాధ తప్పింది' అన్నప్పటి అర్థాన్ని పట్టుకున్నావు. చాలా సంతోషం. ఇక తప్పు చెబుతాను. రెండో పాదంలో 'టే'కి 'తీ'తో యతి చెల్లదు. ట, త చెవికి దగ్గరగా ఉంటాయి గానీ వర్గాలు వేరు. ప్రాసయతి వేసుకుంటే గట్టెక్కుతావు: 'టేపు నెఱుఁగని తాత కా చూపు చాలు'. టేపు, చూపు. రెండో అక్షరం కలిసింది, ముందున్న టే, చూ రెండూ గురువులే (దీర్ఘాక్షరాలే). మూడో పాదం మాత్రం నాకు అంత నచ్చలేదు. అది ఎవరైనా అనగలిగే మాట. వేలితో తట్టడం గురించి పైన వచనంలో చెప్పావే, అది పద్యంలో ఉండాల్సింది.

కొత్తచేయి:

ధన్యవాదాలు గురువుగారూ. 'ఆ చూపు చాలు' అని చదవగానే తాత కళ్ళద్దాలు గుర్తొచ్చాయి. మూడో పాదం మార్చి పెడతాను. ఆఫీసులో ఉన్నాను, టైం పడుతుంది.

మూలమట్టం:

తొందరేమీ లేదు, ఇక్కడ గంట మోగదు.

రంపంపొట్టు:

గడువు అయిపోయింది. ఆనవాయితీ ప్రకారం ఇచ్చినవాడి పూరణ కూడా ఉండాలి కదా. ముక్తపదంగారి విరుపు చూశాక నా పద్యం వెలవెలబోయిందని తెలుసు, అయినా పెడుతున్నాను.

అమ్మ యడిగిన దేవుని యలమరకును
పలక పొట్టియై ప్రక్కన వెలుఁగు దూరె;
సందు పూడ్చిన బద్దయే చందమాయె;
కొలత తప్పిన వానికే కొయ్య లొంగు.

మూలమట్టం:

పలకకి వెలుగుతో ప్రాసయతి, సరే. 'సందు, చందము' దగ్గర స-చ యతీ ఉంది, ప్రాసయతీ ఉంది, రెండు మేకులు కొట్టారు. 'వెలుఁగు దూరె' బాగుంది. ఇంతకీ ఆ బద్ద కూడా ఓక్ చెక్కదేనా?

రంపంపొట్టు:

కాదండీ, ఓక్ పెడితే అతుకు తెలుస్తుంది. వాల్‌నట్ పెట్టాను, నల్లగా. డిజైన్ అనుకుని అమ్మ రెండో పక్క కూడా పెట్టమంటోంది. అటు పక్క కొలత సరిగ్గానే ఉంది, ఇప్పుడు మూడు మిల్లీమీటర్లు కోయాలి.