బస్టాప్‌లో బట్టలు విప్పినవాడికి వెయ్యి రూపాయల జరిమానానా?

సుభద్ర:
పోయిన నెల సంగతి. పొద్దున్న ఏడున్నరకి బస్టాప్‌లో నేనూ, ట్యూషన్‌కి వెళ్లే ఒక అమ్మాయీ ఉన్నాం. బైకు మీద ఒకడు వచ్చి ఆగాడు. "ఈ వీధి ఎక్కడండీ" అని ఫోన్ ముందుకు చాపాడు. వంగి చూశాక తెలిసింది, వాడు చూపించడానికి వచ్చింది ఫోన్ కాదని. ఆ పిల్ల నా చున్నీ పట్టుకుని వెనక్కి లాగింది. వాడు నవ్వుతూ పోయాడు.

బండి నంబర్ రాసుకుని స్టేషన్‌కి వెళ్లాను. రైటర్ గారు అంతా విని "న్యూసెన్స్ కింద పెట్టీ కేసు కడతాంలేమ్మా" అన్నారు. మూడో రోజుకి వాడు ఫైన్ కట్టేసి బయటికొచ్చాడు. ఆ బైకు ఇప్పటికీ అదే దారిలో తిరుగుతోంది. నేనే అవతలి స్టాప్‌దాకా నడిచి బస్సెక్కుతున్నాను. దీనికి శిక్ష పెంచాలా వద్దా, చెప్పండి.

నల్లకోటు:
పెంచే ముందు ఉన్నదేమిటో చూద్దాం. పాత ఐపీసీ 294, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 296. బహిరంగ ప్రదేశంలో అశ్లీలమైన పని చేసి "ఇతరులకు చికాకు" కలిగిస్తే మూడు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాత సెక్షన్‌లో జరిమానాకి అంకె లేదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్తదాంట్లో వెయ్యి రూపాయలు దాటకూడదని రాశారు.

మీ కేసుకి సరిపోయేది అది కాదు. సెక్షన్ 79, అంటే పాత 509. స్త్రీ గౌరవానికి భంగం కలిగించాలని చేసే మాట, సైగ, చూపించే వస్తువు. మూడేళ్ల వరకు జైలు, జరిమానా కూడా. అది పెట్టకపోవడం స్టేషన్ తప్పు, చట్టం తప్పు కాదు.

ఇంతకీ ఆ అమ్మాయి వయసెంత?

గోదారిగట్టు:
శిక్ష పెంచితే పడేది ఎవరి మీదో నేను చెబుతానండి. నాకు షుగర్. అయిదేళ్ల కిందట పని మీద పక్క టౌనుకెళ్లాను. బస్టాండ్‌లో మరుగుదొడ్డికి తాళం. ఆగలేక గోడ పక్కకెళ్లాను. పట్టుకుని న్యూసెన్స్ కేసు రాశారు. యాభై అయిదేళ్లవాణ్ణి, నా కొడుకు వయసు కుర్రాడు కాలర్ పట్టుకున్నాడు. మీరందరూ "పెంచండి, పెంచండి" అంటుంటే నాకు ఆ కాలరే గుర్తొస్తోంది.

పక్కింటోడు:
ఒకటి ఆపుకోలేక, ఒకటి ఆపుకోవాలని లేక. రెండూ ఒకటేనా బాబాయ్?

గోదారిగట్టు:
చట్టానికి ఒకటే నాయనా. అదే నా బాధ.

నల్లకోటు:
ఆయన మాటలో నిజం ఉంది. 1861 పోలీసు చట్టం సెక్షన్ 34 ప్రభుత్వం వర్తింపజేసిన పట్టణాల్లో నడుస్తుంది. అందులో ఒకే క్లాజులో ఏమేం కలిపారో చూడండి: కావాలని అసభ్యంగా ఒళ్లు చూపించడం, రోడ్డు మీద మలమూత్రాలు విడవడం, అనుమతి లేని చెరువులో స్నానం చేయడం. అన్నిటికీ యాభై రూపాయల వరకు జరిమానా, లేదా ఎనిమిది రోజుల వరకు జైలు. తెల్లవాడికి మూడూ ఒకటే కంపు.

సుభద్ర:
మరి నేను అడుగుతున్నది అదే కదండీ. వాడు చేసిన పనిని ఆ గంపలోంచి తీయమంటున్నాను. "చికాకు" అట! పక్కింట్లో మైకు పెడితే నాకు చికాకు. ఆ రోజు నాకు కలిగింది చికాకు కాదు. మోకాళ్లు వణికాయి.

పక్కింటోడు:
మరి నాగసాధువుల సంగతేంటి? కుంభమేళాలో అందరినీ లోపలేస్తారా?

నల్లకోటు:
మంచి ప్రశ్న. ఒంటి మీద బట్ట లేకపోవడం వేరు, అశ్లీలం వేరు అని కోర్టులు చాలాసార్లు చెప్పాయి. మోడళ్లు మిలింద్ సోమన్, మధు సప్రే చేసిన బూట్ల ప్రకటన 1995లో వచ్చింది. ఒంటి మీద బూట్లూ ఒక కొండచిలువా తప్ప ఏమీ లేవు. 2009లో కేసు కొట్టేశారు, పద్నాలుగేళ్ల తర్వాత. పత్రికలో వేసిన ఒక నగ్న ఫొటో మీద నడిచిన అవీక్ సర్కార్ కేసులో 2014లో సుప్రీంకోర్టు పాత హిక్లిన్ పరీక్షని (తేలిగ్గా చెడిపోయే మనసుల్ని చెడగొడుతుందా అని చూసే ఇంగ్లిషు కొలమానం) పక్కనపెట్టి, నేటి సమాజపు కొలమానం చూడమంది. తన పిల్లల చేత ఒంటి మీద బొమ్మ వేయించుకున్న రెహానా ఫాతిమా కేసులో కేరళ హైకోర్టు 2023లో నగ్నత్వం, అశ్లీలం అన్నిసార్లూ ఒకటి కావని చెప్పింది. కాబట్టి "ఒళ్లు చూపిస్తే జైలు" అని గుడ్డిగా రాస్తే...

సుభద్ర:
సార్, మీరు కళ గురించి మాట్లాడుతున్నారు. నేను బస్టాప్ గురించి మాట్లాడుతున్నాను. మా బస్టాప్‌కి కొండచిలువ రాలేదు.

రిటైర్డ్ హెడ్డు:
ముప్పై రెండేళ్లు సర్వీసు చేశాను కాబట్టి చెబుతున్నా. 79 పెడితే ఎఫ్‌ఐఆర్ కట్టాలి, స్టేట్‌మెంట్లు రాయాలి, చార్జిషీటు వేయాలి. ఏళ్లు గడిచాక సాక్షి కోర్టుకొచ్చి అంతమంది మధ్య "ఏం చూశావమ్మా" అంటే చెప్పాలి. పెట్టీ కేసయితే వాడు ఒప్పుకుంటాడు, ఫైన్ కడతాడు, అయిపోతుంది. మేము బద్ధకస్తులమని అనుకోకండి. "మా అమ్మాయి పేరు కాగితం మీదికి రానివ్వకండి సార్" అని చేతులు పట్టుకున్న తండ్రుల్ని లెక్కలేనంత మందిని చూశాను.

క్రాయిడన్ కృష్ణవేణి:
"అయిపోతుంది" అన్నారే, అక్కడే నాకు భయం. లండన్‌లో సారా ఎవరార్డ్ అనే అమ్మాయిని 2021 మార్చిలో చంపినవాడు పోలీసే, వేన్ కజెన్స్. దానికి కొద్ది రోజుల ముందే కెంట్‌లో ఒక డ్రైవ్‌త్రూ దగ్గర కౌంటర్‌లో అమ్మాయిల ముందు ఇదే పని చేశాడు. వాళ్లు కారు నంబర్‌తో సహా పోలీసులకి చెప్పారు. ఎవరూ వెంటనే కదల్లేదు. ఆ ప్రదర్శనలకి పందొమ్మిది నెలల శిక్ష పడింది 2023లో, అప్పటికి ఆ పిల్ల లేదు. సుభద్ర గారు నంబర్ రాసిచ్చారని చదివి నాకు ఒళ్లు జలదరించింది.

ఇక్కడ ఇంగ్లండ్‌లో 2003 లైంగిక నేరాల చట్టం సెక్షన్ 66 ప్రకారం మర్మాంగాలు కావాలని చూపించాలి, ఎవరో చూసి బెదిరిపోవాలని ఉద్దేశం ఉండాలి. అప్పుడే ఆ నేరం. రెండేళ్ల వరకు జైలు. మొన్న బట్టల్లేకుండా సైకిల్ తొక్కే గుంపు మా ముందు నుంచే వెళ్లింది. పోలీసులు ట్రాఫిక్ ఆపి మరీ దారిచ్చారు.

గోదారిగట్టు:
ఒక్కడు హంతకుడైతే అందరూ హంతకులేనా అమ్మా? ఆ బైకువాడు ఈవిణ్ణి ముట్టుకోలేదు, వెంటపడలేదు, పోయాడు. నిజం చెప్పాలంటే దీన్ని ఇంతకింత పెద్దది చేస్తున్నారు.

సుభద్ర:
మీరు గోడకేసి తిరిగారు. వాడు నా కేసి తిరిగాడు. ఈ తేడా తెలియని వయసేం కాదు మీది. కాలర్ పట్టుకున్నారని అయిదేళ్లుగా మరిచిపోలేకపోతున్నారే, నేను నెల రోజుల్లో మరిచిపోవాలా?

పక్కింటోడు:
అబ్బో, వేడెక్కింది.

గోదారిగట్టు:
సరే, చెప్పేస్తాను. షుగర్ సంగతి నిజమే. కానీ నేను ఇక్కడ కూర్చుని మూడు గంటలుగా టైపు చేస్తున్నది దానికోసం కాదు.

మా అన్నయ్యకి ఇరవై ఏళ్లుగా మతి స్థిమితం లేదు. మందులు మానేస్తే ఒంటి మీద బట్టలు ఉంచుకోడు. ఒకసారి అలాగే సంతలోకి వెళ్లిపోయాడు. జనం కొట్టారు. తరువాత స్టేషన్‌లో రాత్రంతా ఉంచారు. తెల్లారి నేను పంచె పట్టుకుని వెళ్తే, మూలన ముడుచుకుని కూర్చుని "బట్టలు కరుస్తున్నాయిరా" అన్నాడు. మీరు మూడేళ్లు రాయించండి, అయిదేళ్లు రాయించండి. ముందు దొరికేది బైకు మీద పోయేవాడు కాదు, పరిగెత్తలేనివాడు.

నల్లకోటు:
2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 100 ప్రకారం అలాంటి మనిషిని లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లోగా ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మీరు అప్పుడే...

గోదారిగట్టు:
సెక్షన్లు నాకొద్దు సార్.

సుభద్ర:
మీ అన్నయ్య గారి సంగతి తెలియదు. నేనన్న మాట కొంచెం కటువుగా ఉంది, క్షమించండి. కానీ ఒక్కటి అడుగుతాను. ఆయన ఎవరికి చూపించాలని విప్పారు?

గోదారిగట్టు:
ఎవరికీ కాదు.

సుభద్ర:
వాడు నాకు చూపించాలని విప్పాడు. నేనడిగేది ఆ ఉద్దేశానికి శిక్ష.

గోదారిగట్టు:
ఉద్దేశం ఏమిటో తేల్చేది ఎవరమ్మా? మీ ముందు కూర్చుని "న్యూసెన్స్" అని రాసిన ఆ రైటర్ గారే కదా. మీ బైకువాడిలో ఉద్దేశం కనపడనివాడికి మా అన్నయ్యలో కనపడదని నమ్మమంటారా? మీరు వాళ్ల చేతికి ఇంకా పెద్ద కర్ర ఇద్దామంటున్నారు. నాకు ఆ చెయ్యి మీదే నమ్మకం లేదు.

రిటైర్డ్ హెడ్డు:
ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు.

నల్లకోటు:
మళ్లీ అడుగుతున్నాను. ఆ ట్యూషన్ పిల్ల వయసెంత? పద్దెనిమిది లోపయితే పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం, సెక్షన్ 11. పెద్దవాళ్ల సెక్షన్ 79లో మాట, శబ్దం, సైగ, వస్తువు అని ఉందే తప్ప శరీరం ఊసే లేదు, సైగ కింద లాక్కురావాలి. పిల్లల చట్టంలో మాత్రం "శరీర భాగం" చూపించడం అని విప్పి రాశారు. సెక్షన్ 12 ప్రకారం మూడేళ్ల వరకు. తెలిసి చెప్పకపోవడం కూడా నేరమే.

సుభద్ర:
చెప్పాను సార్. "పిల్ల జోలి ఎందుకమ్మా" అన్నారు స్టేషన్‌లో. పదో తరగతి. మీరు మళ్లీ అడిగారని ఇందాకే వాళ్లింటికి వెళ్లొచ్చాను. వాళ్లమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "ఏళ్ల తర్వాత కోర్టు పిలిస్తే మీరూ వస్తారా" అని అడిగింది. వస్తానన్నాను. వాళ్లాయన డ్యూటీ నుంచి వచ్చాక అడిగి చెబుతానంది.