అండమాన్‌లో ఆరు రోజులు: పరుగులు లేకుండా ఎలా గడపాలి?

కాకినాడ_కాజా:
డిసెంబరులో అమ్మని తీసుకుని అండమాన్ వెళ్తున్నాం. అమ్మకి 64 ఏళ్లు. బాగానే నడుస్తుంది కానీ నీళ్లంటే భయం. ప్యాకేజీ వాళ్లు ఇచ్చిన కాగితంలో రోజుకి ఐదు పాయింట్లు, ఒక్కోదానికి నలభై నిమిషాలు ఉన్నాయి. చూడగానే నీరసం వచ్చింది. మాకు చెట్టు, సముద్రం, గాలి ఉంటే చాలు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, ఎక్కడ ఎక్కువసేపు కూర్చోవచ్చు?

సింహాచలం_సంపెంగ:
ముందు గడియారం సంగతి చూసుకోండి. మన దేశపు టైము మీ కాకినాడ పక్కనుంచి పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది కదా. అండమాన్ దానికి ఇంచుమించు పది డిగ్రీలు తూర్పున ఉంది. అంటే సూర్యుడు నలభై నిమిషాలు ముందే వచ్చి, ముందే వెళ్లిపోతాడు. డిసెంబరులో సాయంత్రం ఐదింటి ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. మేం హేవ్‌లాక్‌లో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు) తీరిగ్గా టీ తాగి ఐదున్నరకి రాధానగర్ బీచ్‌కి చేరాం. చూడటానికి చీకటి మాత్రం మిగిలింది. మర్నాడు మూడింటికే వెళ్లి కూర్చున్నాం. ఇసుక అంచున సీ మహువా చెట్లు నిటారుగా, బాగా ఎత్తుగా ఉంటాయి. వాటి నీడలో తుండుగుడ్డ పరుచుకుంటే ఇక లేవబుద్ధి కాదు.

గోదారి_గట్టు:
నా బాధ కూడా వినండి. నీల్‌లో (షహీద్ ద్వీప్) లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్ దగ్గర రాళ్లలో సహజంగా ఏర్పడిన వంతెన ఉంది. అక్కడ స్థిరపడిన బెంగాలీలు సరదాగా హౌరా బ్రిడ్జి అనేవారట. మా ప్యాకేజీలో దానికి పదకొండు గంటల టైము ఇచ్చారు. వెళ్తే రాళ్ల మీద నడుం లోతు నీళ్లు! పోటు టైమని ఒక్కరూ చెప్పలేదు. డ్రైవరు తాపీగా 'పోటు సార్, ఏం చేస్తాం' అన్నాడు. దూరం నుంచి ఓ ఫోటో తీసుకుని వెనక్కి వచ్చేశాం.

పోర్ట్‌బ్లెయిర్_తెలుగోడు:
నేను ఇక్కడే పుట్టాను. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చారు. గోదారి_గట్టు గారూ, తప్పు వంతెనది కాదండీ, మీకు టైము రాసిచ్చినవాళ్లది. ఇక్కడ రోజు గడిచేది పోటు (సముద్రం పైకి రావడం), పాటు (వెనక్కి తగ్గడం) లెక్కన. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఈరోజు పాటు ఎప్పుడొస్తే రేపు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ నీరు బాగా పైకి వస్తుంది, అంతే బాగా వెనక్కి పోతుంది. అష్టమి దగ్గర ఆ తేడా తక్కువ. మా ఇంట్లో పెద్దవాళ్లు పంచాంగం చూసి చెప్పేసేవారు. మీరు ఫోన్లో టైడ్ టైము చూసుకున్నా చాలు.

వంతెన దగ్గరికి పాటు మొదలయ్యాక వెళ్లండి. రాళ్ల గుంటల్లో నీళ్లు మిగిలిపోతాయి. వాటిలో చిన్న చేపలు, పీతలు, సముద్ర దోసకాయలు (దోసకాయ ఆకారంలో ఉండే జీవులు), ఓపిక ఉంటే ఇంకా ఏవేవో కనిపిస్తాయి. పగడాల మీద కాలు పెట్టకండి, అవి ప్రాణమున్నవి. చెప్పులు కాదు, పట్టున్న బూట్లు వేసుకోండి. అమ్మగారికి భయమైతే భరత్‌పూర్ బీచ్‌లో అద్దం అడుగున్న పడవ ఎక్కించండి, ఒళ్లు తడవకుండా పగడాలు చూస్తారు.

నీల్‌లోనే రెండు రాత్రులు ఉండమంటాను. కూరగాయల తోటలు, అరటి, వక్క, సైకిల్ మీద తిరిగేంత ఊరు. హేవ్‌లాక్ అందంగానే ఉంటుంది, కాకపోతే జనం ఎక్కువ.

వెన్నెల_వద్దు:
నా పేరు చూసి నవ్వకండి, కారణం ఉంది. హేవ్‌లాక్‌లో అమావాస్య రాత్రి మడ అడవుల పక్కన కయాక్‌లో వెళ్లాం. లైట్లు ఆర్పేశాక తెడ్డు నీళ్లలో ముంచితే దాని చుట్టూ నీలంగా మెరిసింది. చెయ్యి పెడితే వేళ్ల సందుల్లోంచి చుక్కలు జారాయి. నీళ్లలో ఉండే సూక్ష్మజీవులు కదిలిస్తే వెలుగుతాయట. పౌర్ణమి వెలుగులో అయితే ఏమీ కనిపించదు. అందుకే వెన్నెల వద్దు.

హైద్రాబాదీ_బ్యాగు:
బారాటాంగ్ సున్నపురాయి గుహల సంగతి ఎవరూ ఎత్తలేదేం? అది తప్పనిసరి అన్నారు అందరూ.

పోర్ట్‌బ్లెయిర్_తెలుగోడు:
గుహలు బాగుంటాయి, మడ అడవుల మధ్య పడవ ప్రయాణం ఇంకా బాగుంటుంది. కానీ ఆ రోడ్డు జరావాలనే ఆదివాసుల రిజర్వ్‌లోంచి పోతుంది. బళ్లన్నీ కాన్వాయ్‌గా వెళ్లాలి, మధ్యలో ఆపకూడదు, ఫోటోలు తియ్యకూడదు. తెల్లవారుజామున లేచి వెళ్లి రావడానికే రోజంతా పోతుంది. అమ్మగారితో అయితే నేను వెళ్లమనను. ఆరోజు పోర్ట్‌బ్లెయిర్ దగ్గర్లోని చిడియా తాపూకి వెళ్లి, అడవి పక్కన కూర్చుని పొద్దుగూకడం చూడండి.

సింహాచలం_సంపెంగ:
ఇంకోటి, పిల్లలుంటే ముందే చెప్పండి. గవ్వలు, పగడం ముక్కలు ఏరి సంచిలో వేసుకోకూడదు. ఎయిర్‌పోర్టు తనిఖీలో మా పాప సంచిలోంచి తీయించేశారు. పాప ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. మొసళ్ల హెచ్చరిక బోర్డున్న చోట నీళ్లలోకి దిగొద్దు. చివరి రోజు ఖాళీగా ఉంచుకోండి. గాలి గట్టిగా వీస్తే ఓడలు రద్దవుతాయి.

కాకినాడ_కాజా:
వెళ్లొచ్చాం! పంచాంగం చూసుకుని నీల్ రోజులు అమావాస్యకి కలిసేలా పెట్టుకున్నాం. నీళ్లంటే భయమన్న అమ్మ ఆ వంతెన దగ్గర చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఒక గుంట ముందు గంటన్నర కూర్చుంది. నల్లటి సముద్ర దోసకాయ ఒకటి అరచేతి మేర జరగడానికి ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టింది. 'దోసకాయ కాదే, చూస్తే కాకరకాయలా ఉంది' అని తేల్చింది. నీళ్లు మళ్లీ పాదాల మీదికి వచ్చాక గానీ లేవలేదు. చిడియా తాపూ ఆరోజు వానకి పోయింది, ఏమీ అనుకోలేదు.

ఒక్క ఫిర్యాదు. ఇసుకలో కుట్టే ఆ చిన్న పురుగుల గురించి ఎవరూ చెప్పలేదు. వచ్చి వారమైనా కాళ్లు గోక్కుంటున్నాను.

పోర్ట్‌బ్లెయిర్_తెలుగోడు:
అయ్యో, శాండ్‌ఫ్లైలు! మాకు అలవాటైపోయి గుర్తే రాలేదండీ. ఈసారి బీచ్‌కి వెళ్లే ముందు కాళ్లకి కొబ్బరినూనె దట్టంగా పట్టించండి.