కొత్తిమీరలో పరాన్నజీవి: పీసీఆర్ పాజిటివ్ వస్తే లాట్ మొత్తం పారేయాల్సిందేనా?

డల్లాస్ కోడలు
టెక్సస్‌లో ఉన్నవాళ్లకి తెలిసే ఉంటుంది, ఎండలు ముదిరాయంటే సైక్లోస్పోరా వార్తలు మొదలవుతాయి. పచ్చి ఆకుల మీద ఉండి కడుపులోకి వెళ్లే సూక్ష్మ పరాన్నజీవి ఇది. తిన్న సుమారు వారానికి విరేచనాలు పట్టుకుంటాయి, సరైన మందు పడకపోతే వారాల తరబడి తగ్గవు. 2013లో ఇక్కడి కేసుల్లో కొన్నిటికి మూలం వెతుక్కుంటూ పోతే మెక్సికోలోని ప్వెబ్లా రాష్ట్రపు కొత్తిమీర తేలింది. 2015లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఏటా ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా అక్కడి కొత్తిమీర లోపలికి రాకుండా ఆంక్ష పెట్టింది.

మా బంధువు ఒకాయన కూరగాయల హోల్‌సేల్‌లో ఉన్నారు. పీసీఆర్‌లో, అంటే క్రిమి డీఎన్ఏ ఉందేమో వెతికే పరీక్షలో, పాజిటివ్ వస్తే లాట్ మొత్తం, అంటే కలిసి వచ్చిన సరుకంతా, పారబోయాల్సి వస్తోందని, బతికిన క్రిమికీ చచ్చినదానికీ ఆ పరీక్ష తేడా చెప్పలేదని ఆయన గోల. నేనైతే పారేయాల్సిందే అంటాను. మనం కొత్తిమీరని ఉడకబెట్టం, చారు దించాక పైన చల్లుతాం. మీరేమంటారు?

ఘట్‌కేసర్ రైతుబిడ్డ
మీ బంధువు చెప్పింది సబబే అక్కా. డీఎన్ఏ దొరికినంత మాత్రాన జబ్బు వస్తుందని ఎక్కడుంది? సైక్లోస్పోరా మలంలోంచి బయటికొచ్చిన రోజే ఎవరికీ అంటుకోదు. బయట వెచ్చదనంలో ఒకటి రెండు వారాలు ముదిరితేనే ప్రమాదం. పీసీఆర్‌కి ఆ తేడా తెలీదు. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఒక్క శాంపిల్ చూసి లారీ లోడు పారబోస్తే ఆ నష్టం చివరికి పండించినవాడి నెత్తినే పడుతుంది.

పచ్చడి ప్రియుడు
ఇంత గొడవెందుకు, ఉప్పు నీళ్లలో నానబెట్టి కడుక్కుంటే పోదా?

మైక్రోపిప్పెట్
పోదండీ. కడిగితే కొంత తగ్గుతుంది, అంతే. మామూలుగా నీళ్లలో కలిపే క్లోరిన్‌కే లొంగనిది ఉప్పుకి లొంగుతుందా? వేడికి మాత్రం చస్తుంది. కాబట్టి మన పద్ధతిలో వేయించి చేసే కొత్తిమీర పచ్చడికి భయం లేదు. చాట్ బండి మీద పోసే పచ్చి చట్నీతోనే తంటా.

నేను ఫుడ్ ల్యాబ్‌లో పనిచేస్తాను. పరీక్ష ఎలా జరుగుతుందో చెప్తాను, తర్వాత తిట్టుకోండి. 25 గ్రాముల కొత్తిమీర వడపోత ఉన్న సంచిలో వేసి, ల్యాబ్ డిటర్జెంట్ కలిపిన నీళ్లు పోసి మెల్లగా ఊపుతాం. గట్టిగా నలిపామా, ఆకు రసం దిగి పీసీఆర్ మొరాయిస్తుంది. ఆ కడిగిన నీళ్లని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున కాస్త మడ్డి మిగులుతుంది. మేం వెతికే ఊసిస్టు, అంటే మలంలో బయటికొచ్చే దాని గుడ్డులాంటి రూపం, 8 నుంచి 10 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఉంటుంది, దాని పెంకు మహా గట్టిది. అందుకే సన్నటి పూసలు కలిపి మెషిన్‌లో దడదడలాడించి, పగలగొట్టి డీఎన్ఏ తీస్తాం. పరీక్ష సరిగ్గా నడిచిందో లేదో తెలియడానికి మేమే కలిపిన కంట్రోల్ డీఎన్ఏ కూడా ట్యూబులో ఉంటుంది. అది కనపడకపోతే నెగెటివ్ అని రాయకూడదు, పరీక్షే ఫెయిలైందని రాయాలి.

ఇక బతికుందా లేదా అన్న ప్రశ్న. దీన్ని ల్యాబులో పెంచడం ఇప్పటిదాకా కుదరలేదు, జంతువులకి ఎక్కించి చూసినా అంటుకోలేదు. అంటే పీసీఆర్ వద్దంటే దాని బదులు ఏం పెడతారో మీరే చెప్పాలి. ఇంకోటి, దీనికి తెలిసిన ఆశ్రయం మనిషి ఒక్కడే. చచ్చిన ఊసిస్టు దొరికినా అది ఎవరో మనిషి పేగులోంచే ఆ ఆకు మీదికి వచ్చి ఉండాలి.

ఘట్‌కేసర్ రైతుబిడ్డ
అది నిజంగా ఆ జీవే అయితే కదా అన్నా! 18ఎస్ అనే జన్యువుని వెతికే పాత పీసీఆర్ పరీక్ష, దాని దగ్గరి చుట్టాలైన జంతువుల పరాన్నజీవులకి కూడా పాజిటివ్ చూపిస్తుందని మీవాళ్లే ఒప్పుకున్నారుగా.

మైక్రోపిప్పెట్
నిజమే. అందుకే ఎఫ్‌డీఏ మైటోకాండ్రియా జన్యువు ఆధారంగా చేసే ఎంఐటీ1సీ పరీక్ష తెచ్చింది. పాత పద్ధతిలో పాజిటివ్ వస్తే సీక్వెన్సింగ్, అంటే ఆ డీఎన్ఏ అక్షరాల వరస, చూడకుండా నేనైతే రిపోర్టు మీద సంతకం పెట్టను.

డల్లాస్ కోడలు
రైతుబిడ్డ గారూ, ప్వెబ్లాలో ఏం బయటపడిందో కూడా చూడండి. ఎఫ్‌డీఏ, మెక్సికో అధికారులు కలిసి 11 పొలాలు, ప్యాకింగ్ షెడ్లు తనిఖీ చేస్తే ఎనిమిదింట్లో లోపాలు. కొన్ని పొలాల్లో మనుషుల మలం, టాయిలెట్ పేపరు కనపడ్డాయి. ఒకచోట ట్యాంకు నీళ్లలోనే సైక్లోస్పోరా దొరికింది. అవి కూలీలు చేతులు కడుక్కునే నీళ్లండీ!

ఘట్‌కేసర్ రైతుబిడ్డ
నేనూ అదే అంటున్నా. ఆ కూలీలకి మరుగుదొడ్డి, మంచినీళ్లు ఇవ్వాల్సింది ఎవరు? ఆకుని పట్టుకుంటే ఆ యజమాని దొరకడు.

మా వైపు సంగతి చెప్తా. హైదరాబాద్ దాటాక మూసీ నీళ్లతో ఆకుకూరలు, పశువుల గడ్డి పండిస్తారని అందరికీ తెలుసు. ఆ నీళ్లలో ఉన్నది పైన నగరం వదిలిన మురుగే. డబ్ల్యూహెచ్ఓ 2006 మార్గదర్శకాల్లో సాగుకి వాడే మురుగునీటికి లీటరుకి ఒక నులిపురుగు గుడ్డు మించకూడదని హద్దు ఉంది. అది చూడ్డానికి పీసీఆర్ కూడా అక్కర్లేదు, మైక్రోస్కోపు, దాని ముందు ఓపిగ్గా కూర్చునే మనిషి చాలు. అది వదిలేసి పాలకూర కట్టకి డీఎన్ఏ పరీక్ష చేసి రైతుని దొంగలా నిలబెడతారా?

మైక్రోపిప్పెట్
నీళ్ల విషయంలో మీతో ఏకీభవిస్తాను. లోడు మొత్తంలో మేం చూసేది 25 గ్రాములు. నెగెటివ్ అంటే ఆ పిడికెడులో కనపడలేదని మాత్రమే, దాన్ని పట్టుకుని "పరీక్షించిన సరుకు" అని అమ్ముకోవడం నాకు నచ్చదు. 10 లీటర్ల సాగునీటిని ఫిల్టర్‌లోంచి పంపి, చిక్కినదానికి పీసీఆర్ చేసే పద్ధతి ఎఫ్‌డీఏకే ఉంది. ఖర్చు అక్కడ పెడితే పంట చేతికి రాకముందే తెలుస్తుంది.

డల్లాస్ కోడలు
సరే, నీళ్లు చూడండి. ఈలోగా పాజిటివ్ వచ్చిన లాట్ ఎవరి వంటింటికి వెళ్లాలి?

ఘట్‌కేసర్ రైతుబిడ్డ
ఉడికించి చేసే సరుకులకి మళ్లించండి. వేడికి చస్తుందని పైన అన్నే చెప్పారు. పారబోయడం, పచ్చిగా అమ్మడం, ఈ రెండే దారులా?

మైక్రోపిప్పెట్
క్రిమి చస్తుంది సరే, మలం చేరిన ఆకు అని తెలిసి ఎవరు కొంటారు? ఆ సంగతి లేబుల్ మీద రాస్తానంటే నాకు అభ్యంతరం లేదు.

ఘట్‌కేసర్ రైతుబిడ్డ
రాయండి అన్నా. ఆ పొలం యజమాని కూలీలకి ఎన్ని మరుగుదొడ్లు కట్టించాడో కూడా అదే లేబుల్ మీద రాయండి.