దస్తావేజును తప్పుగా చదివారన్న కారణంతో సుప్రీంకోర్టు అప్పీలుకు అనుమతి ఇస్తుందా?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గరి పల్లె. మా పొలం హద్దుల వ్యాజ్యంలో రెండు కింది కోర్టుల్లోనూ ఓడిపోయాము. హైకోర్టులో రెండో అప్పీలు కూడా గత నెలలో కొట్టివేశారు. ఇక రాజ్యాంగం 136వ అధికరణం కింద సుప్రీంకోర్టులో ప్రత్యేక అనుమతి కోరడమొక్కటే దారి అని మా వకీలుగారు అంటున్నారు.

నాకు అర్థమైనంతలో ఇది హక్కుగా దక్కే అప్పీలు కాదు, పూర్తిగా న్యాయమూర్తుల విచక్షణ. తీర్పు వచ్చిన 90 రోజుల్లోగా దాఖలు చేయాలి, నకలు పొందడానికి పట్టిన కాలాన్ని మినహాయిస్తారు. కింది కోర్టులన్నీ వాస్తవాలపై ఒకే మాట చెప్పినప్పుడు సుప్రీంకోర్టు సాధారణంగా జోక్యం చేసుకోదు. మా చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది.

1936లో ఒడిశా ఏర్పడక ముందు, ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు తెలుగులో రాసిన మా దస్తావేజుకు కోర్టులో దాఖలైన ఒడియా అనువాదంలో తూర్పు హద్దు వాగుకు బదులు గట్టు అని పడింది (చదివినవారెవరికీ అనుమానం రాకపోవడమే వింత). ఇటువంటి పొరపాటును న్యాయప్రశ్నగా పరిగణిస్తారా, లేక వాస్తవ వివాదమేనంటూ తొలిరోజే తోసిపుచ్చుతారా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు. కారణాలు చెప్పకుండా పిటిషన్ కొట్టివేస్తే, తిరిగి హైకోర్టులోనే పునఃసమీక్ష కోరవచ్చునా?