మా చేలో మిరపకాయలు కోసినవారి ఊరికే విలేకరిగా వచ్చాను: ఈ సంగతి చెప్పాలా?

ప్రశ్న (మిరపచేను)

సభ్యులందరికీ నమస్కారం. నేను పత్రికలో చేరి రెండేళ్లయింది, కర్నూలుకు వచ్చి ఎనిమిది నెలలు. మాది గుంటూరు జిల్లాలో మిరప పండించే ఒక పల్లె. మొదటి ఏడాది విజయవాడ డెస్కులో పనిచేశాను. ఆ తర్వాత కర్నూలులో రిపోర్టర్ ఖాళీ ఉంది, వెళ్తావా అని అడిగితే, డెస్కు మీద కూర్చుని ఇతరుల వార్తలు దిద్దడం విసుగెత్తి ఉన్నాను గనుక, ఇంట్లో కూడా అడగకుండానే సరేనన్నాను.

ఊరితో నాకు ఇబ్బంది లేదు. పాతబస్తీలో గది దొరికింది. గోడ మీద, నా తలకు జానెడు పైన, సున్నం రెండు మూడుసార్లు వేసినా పోని ఒక గోధుమరంగు చార ఉంది. 2009 అక్టోబరు 2న హంద్రీ, తుంగభద్ర కలిసి ఊళ్లోకి వచ్చినప్పుడు నీళ్లు అక్కడిదాకా నిలిచాయని ఇంటి యజమానురాలు చెప్పింది. ఆమె కాలాన్ని "నీళ్లు రాకముందు", "నీళ్లు వచ్చినాక" అనే లెక్కపెడుతుంది. బి.క్యాంపు, సి.క్యాంపు అనే పేర్లు విని, ఇక్కడ పూర్వం ఏదో సైనిక శిబిరం ఉండేదేమో అనుకున్నాను. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఉద్యోగుల కోసం వెలిసిన నివాసాలవి అని ఒక టీ కొట్టులో తెలిసింది. మూడేళ్లకే రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది, క్యాంపుల పేర్లు మాత్రం ఉండిపోయాయి.

నా చిక్కు వేరే. విజయవాడలో ఉన్న మా డెస్కుకు కర్నూలు నుంచి ఏటా రావలసిన వార్తలు ముందే తెలుసు: తొలకరికి జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల వేట, దసరా రాత్రి దేవరగట్టులో కర్రల సమరం, ఈ రెండింటి మధ్య వీలైతే ఒక కొట్లాట. వజ్రాల వార్త నేనూ రాశాను. అమ్మినవాడు పేరు చెప్పడు, కొన్నవాడు కొన్నానని ఒప్పుకోడు, ధర మాత్రం మూడోవాడెవడో చెబుతాడు, ఆ ధరే శీర్షిక అవుతుంది. రాసిన మర్నాడు పత్రిక చూసుకుంటే సిగ్గేసింది.

డిసెంబరులో కోసిగి వైపు ఒక పల్లెకు వెళ్లాను. వీధిలో వరసగా తాళాలే కనిపించాయి. అరుగు మీద ఇద్దరు పిల్లలను పెట్టుకుని కూర్చున్న ఒక అవ్వ, కొడుకూ కోడలూ గుంటూరు దిక్కు సుగ్గికి, అంటే కోత పనులకు, పోయినారని చెప్పి, "యా ఊరప్పా నీది?" అని అడిగింది. నేను విజయవాడ అన్నాను.

అది అబద్ధం. మాకు మూడెకరాల మిరప చేను ఉండేది. సంక్రాంతి దాటాక చేని గట్టున పట్టాలతో గుడారాలు లేచేవి, వాటిలో ఉండేవారిని మేము "సీమ కూలీలు" అనేవాళ్లం. కోతకు కిలో లెక్కన డబ్బులు. బడి నుంచి వచ్చాక కాటా పక్కన కూర్చుని, ఎవరు ఎన్ని కిలోలు కోశారో నోటుబుక్కులో రాయడం నా పని. మనుషుల పేర్లు రాసేవాణ్ని కాదు. "కోసిగి ముఠా, 1, 2, 3" అని అంకెలు వేసుకునేవాణ్ని. ఆ ఊరి పేరు నా చేత్తో ఎన్ని వందల సార్లు రాశానో తెలియదు గానీ, అదొక ఊరని, అక్కడ అరుగులూ తాళాలూ ఉంటాయని ఎనిమిది నెలల క్రితం వరకు నేను తలచుకోలేదు.

ఇప్పుడు ఈ వలసల మీద నాలుగు రోజుల వరస కథనం రాయమన్నారు. నా సంగతి డెస్కుకు చెప్పాలా? ఆ ఊరివాళ్లకు చెప్పాలా? పాఠకుడికి కూడా చెప్పాలా? ఇంకొకటి: నేను "సుగ్గి" అని రాసిన ప్రతిచోటా డెస్కు "వలస" అని మారుస్తోంది. అది సరైన పనేనా?

సమాధానం 1 (పాత డెస్కు)

ముప్పై ఏళ్లు సబ్ ఎడిటర్‌గా పనిచేసి దిగిపోయినవాణ్ని, కాబట్టి నాలుగు మాటలు డెస్కు పక్షాన కూడా వినండి. వార్త ఒకరు రాస్తారు, తప్పు పోతే ఇంకొకరు సంజాయిషీ చెప్పుకుంటారు. ఆ చెప్పుకునేవాడికి మీ చేను సంగతి ముందే తెలిసి ఉండాలి. కథనం అచ్చయ్యాక ఎవరో మీ ఊరివాడు ఫోన్ చేసి, "ఆ రాసినవాడి నాన్న కూలీలకు ఎంత ఇచ్చాడో అడగండి" అంటే, మీ బ్యూరో చీఫ్ ఆ మాట మొదటిసారి అప్పుడు వినకూడదు. పాఠకుడికి మాత్రం వార్తలో చెప్పనవసరం లేదు. వార్తలో "నేను" అనే మాటకు చోటు లేదు. వరస కథనం పూర్తయ్యాక ఆదివారం అనుబంధానికి విడిగా ఒక వ్యాసం రాసి, కాటా సంగతి అందులో చెప్పండి.

సుగ్గి విషయంలో మీతో సగమే ఏకీభవిస్తాను. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల కాలం, పండుగ వంటి కాలం. కోసిగి, ఆదోని, హొళగుంద ప్రాంతాలు కన్నడ సీమను ఆనుకుని ఉన్నందున ఆ మాట అక్కడి తెలుగులో కలిసిపోయింది. అక్కడివారి నోట అది సహజంగా ఉంటుంది. శీర్షికలో పెడితే మాత్రం, ఊళ్లు ఖాళీ అవుతున్నా జనం సంబరంగా బయలుదేరినట్టు ధ్వనిస్తుందేమో చూసుకోండి. అయినా జిల్లా పేజీ చదివేది జిల్లా వాళ్లే గనుక, లోపలి వాక్యాల్లో ఆ మాటను తీసేయడం డెస్కు బద్ధకం తప్ప మరొకటి కాదు. అర్థం తెలియనివాడికి కూడా పక్క వాక్యంతోనే తెలిసిపోయేలా రాసి పంపండి, కత్తిరించడానికి వాళ్లకే చేతులు రావు.

ఒక సాంకేతిక విషయం కూడా గమనించండి, ఇది ఎవరూ రాయరు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం రాష్ట్రం సరిహద్దు దాటినవారి కోసం చేసినది. దాన్ని 2020 నాటి కార్మిక కోడ్‌లో కలిపారు. కోసిగి నుంచి గుంటూరుకు వెళ్లిన మనిషి ఎంత దూరం వెళ్లినా సొంత రాష్ట్రంలోనే ఉన్నట్టు లెక్క. అదే మనిషి ఖమ్మం వైపు వెళ్తే, 2014 జూన్ 2 నుంచి, పరాయి రాష్ట్రానికి వెళ్లినట్టు. కోసే కాయ అదే, మండే చేతులు అవే.

సమాధానం 2 (పడమటి బడి)

నేను ఆ పడమటి మండలాల్లోనే ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుణ్ని. మీరు చూసిన తాళాలను నేను హాజరు పట్టీలో చూస్తాను. దీపావళి దాటగానే పత్తి తీతలకు మొదలై, సంక్రాంతి తర్వాత మిరప కోతలకు జోరందుకుని, ఉగాది వేళకు గానీ పేర్లకు ఎదురుగా మళ్లీ గీతలు పడవు. ముసలివాళ్లున్న ఇంటి పిల్లలు ఇక్కడ ఆగుతారు, లేనివాళ్లు వెంట పోతారు. మూడో తరగతిలో లెక్కలు చక్కగా చేసే ఒక అమ్మాయి నాలుగు నెలలకు తిరిగి వచ్చాక, ఎక్కాలు మరిచిపోయింది గానీ, కాటా ముల్లు చూసి బరువు చెప్పడం నేర్చుకుని వచ్చింది. మీ ప్రశ్న చదువుతుంటే ఆ పిల్ల గుర్తుకొచ్చింది.

తమ్ముడూ, పై పెద్దమనిషి చెప్పినట్టు డెస్కుకు ఎప్పుడైనా చెప్పుకో, ఊరివాళ్లకు మాత్రం మొదటి మాటగా చెప్పు. వాళ్లు కోపగించుకుంటారని భయపడుతున్నట్టున్నావు. కోపగించుకోరు. "ఏ ఊరు, ఏ పక్క చేను, కాలువ కిందా బోరు కిందా?" అని అడుగుతారు. నీకు కోసిగి తెలిసినదానికంటే వాళ్లకు గుంటూరు పల్లెలు బాగా తెలుసు. ఎవరు సాయంత్రానికి లెక్క తేల్చి డబ్బులిస్తారు, ఎవరు అమ్మకం అయ్యాక చూద్దామంటారు, ఎవరింటి ఆడవాళ్లు మజ్జిగ పోస్తారు అన్నీ చెబుతారు. ఆ తర్వాత, మా వాళ్లలో కాస్త మాటకారి ఒకడు నవ్వుతూనే అడుగుతాడు, నేనూ అదే అడుగుతున్నాను: మీ కాటాలో తరుగు ఎంత తీసేవారు?

మరొక మాట. ప్రతి ఏడూ ఒక విలేకరి వచ్చి తాళాల వీధి ఫొటో తీసి, ఊరి పేరుతో సహా వేస్తాడు. ఈ వీధిలో ఎవరూ లేరు, రండి అని దొంగలకు చెప్పినట్టే కదా! ఆ ఫొటో వేయకు. వెళ్లేవాళ్లను చూడటానికి అందరూ వస్తారు, లారీ పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటారు. తిరిగి వచ్చినప్పుడు ఒక్కరూ రారు. తెచ్చిన డబ్బు ఎవరికి ఎంత పోయింది, వడ్డీకి ఎంత, పెళ్లికి ఎంత, పైకప్పుకు ఎంత అన్నది తెలిసేది అప్పుడే. ఏడాదికి ఒక్క వానాకాలపు పంట, అదీ పత్తో బుడ్డలో (వేరుశనగ), వాన నమ్ముకుని వేసే ఊళ్లు మావి. మంత్రాలయం దగ్గర తుంగభద్ర కళ్లెదుటే పారుతుంది, ఆ పక్క ఊళ్ల నుంచీ జనం పోతారు. పనే దొరకక పోతారని రాస్తారు గానీ, అది పూర్తి నిజం కాదు. ఊళ్లో ఉపాధి పని చేస్తే ఆ డబ్బు విడతలుగా ఎప్పుడో పడుతుంది. సుగ్గికి పోతే ఒక్కసారిగా చేతికి వస్తుంది. అప్పు ఒక్కసారిగా తీర్చవలసినవాడికి ఆ తేడా చాలా పెద్దది.

సమాధానం 3 (కడప కలం)

నాదీ ఇదే వృత్తి. కడప నుంచి కర్నూలుకు వచ్చి మూడేళ్లు. పంతులుగారి మీద గౌరవం ఉంచుకునే ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. ఊళ్లో అడుగుపెట్టగానే మీ కథ చెప్పుకుంటే, ఆ రోజంతా జనం మీ గురించే మాట్లాడతారు, వాళ్ల గురించి మాట్లాడరు. మొదటి రోజు వినండి. "ఏ ఊరు" అని అడిగితే మాత్రం ఈసారి నిజం చెప్పండి. ఆ అవ్వ దగ్గరకు తిరిగి వెళ్లి, ఆ రోజు తప్పు చెప్పానని చెప్పడం కూడా మీ పనిలో భాగమే.

పైవాళ్లు చెప్పనిది కాగితాల సంగతి. తాళాలు చూసి "ఊరు ఖాళీ" అని రాయడం తేలిక. నవంబరులో ఎంతమంది పిల్లలు బడిలో ఉన్నారు, ఫిబ్రవరిలో ఎంతమంది, వలస వెళ్లినవారి పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్ ఏ తేదీన తెరిచారు, ఎందరిని చేర్చుకున్నారు అన్నది సమాచార హక్కు కింద మండల కార్యాలయంలో అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. జనం వెళ్లాక అడిగితే జవాబు వచ్చేసరికి వాళ్లు తిరిగి వచ్చేస్తారు కాబట్టి ఇవాళే పంపండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోట కూడా ఒకసారి వరండాలో కూర్చోండి. అధికారుల పక్కన కుర్చీ ఇస్తారు, అందులో కూర్చోవద్దు. అర్జీలు రాసిపెట్టేవారి పక్కన నిలబడితే, మనిషి చెప్పినదానికీ కాగితం మీదికి ఎక్కినదానికీ ఎంత ఎడముందో తెలుస్తుంది.

దేవరగట్టు గురించి మీరు చిరాకుపడ్డారు. నేనూ పడ్డాను. మాల మల్లేశ్వరస్వామి విగ్రహాల కోసం నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు ఒకపక్క, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇంకొకపక్క నిలబడతారన్నది అందరూ రాస్తారు. ఆ కర్రలు పట్టుకున్న చేతులే నెల తిరిగేసరికి సుగ్గికి పోతాయి. రెండు వార్తలూ ఒకే చేతులవని మన పత్రికల్లో కనపడదు.

ఊరు కాని ఊళ్లో ఒంటరిగా ఉండటం గురించి మీరు రాయలేదు గానీ ఉండే ఉంటుంది. రాత్రి పేజీలు వదిలాక తినడానికి ఏమీ దొరకదు. పొద్దున ఉగ్గాని బజ్జీ కొట్టు ఎక్కడో మాత్రం ఖాయం చేసుకోండి, అక్కడ దొరికేవి సగం వార్తలు. మీకు తెలిసే ఉంటుంది, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిది కర్నూలు. ఇక్కడివాడు బెజవాడకు వెళ్లి, "స్వరాజ్య" పత్రికలో రాసినందుకు 1908లో జైలుకు పోయారు. మీరు ఆ దారినే ఎదురు వచ్చారు.

ప్రశ్నించినవారి జవాబు (మిరపచేను)

ముగ్గురికీ కృతజ్ఞతలు. బ్యూరో చీఫ్‌కు నిన్న చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, వరస కథనం నన్నే రాయమన్నారు, కూలి రేట్ల భాగం మాత్రం వేరే రిపోర్టర్ గుంటూరు నుంచి రాస్తారట. సుగ్గి లోపలి వాక్యాల్లో ఉంటుంది, శీర్షికలో ఉండదు. సమాచార హక్కు దరఖాస్తు ఈ ఉదయం స్పీడ్ పోస్టులో వేశాను. అవ్వ దగ్గరకు ఎల్లుండి వెళ్తున్నాను. ఫొటోగ్రాఫర్‌ను తీసుకువెళ్లడం లేదు.

పంతులుగారి ప్రశ్నకు జవాబు నాకు తెలియలేదు. కిలోలు రాశానే గానీ, కాటా మీద గోతం పెట్టి ముల్లు చూసి అంకె చెప్పింది నాన్న. అందుకని రాత్రి ఇంటికి ఫోన్ చేసి అడిగాను. ఎందుకురా ఇప్పుడవన్నీ అన్నారు. మళ్లీ అడిగితే, గోతానికి రెండు కిలోలు తీసేవాళ్లం, ఊళ్లో అందరూ అంతే తీసేవాళ్లు అన్నారు. ఖాళీ గోతం ఎంత ఉంటుంది నాన్నా అంటే, కిలో కూడా ఉండదులే అని, భోజనం చేశావా అని అడిగారు.

ఆ నోటుబుక్కులు అటక మీద ఇంకా ఉన్నాయట. బస్సు పార్సిల్‌లో పంపమన్నాను.