పార్కులో పిల్లల చేతికి బెలూన్ బొమ్మ: పెద్దల్ని అడక్కుండా ఇవ్వొచ్చా?

సరదామెలిక:
సెలవు రోజుల్లో పార్కుకు వెళ్లి పొడవాటి బెలూన్లతో కుక్కలు, కత్తులు, పూలు చేసి పిల్లలకు పంచుతుంటాను. డబ్బులు తీసుకోను. ఈమధ్య ఒకావిడ, "మమ్మల్ని అడక్కుండా మా పాపకెలా ఇచ్చారు?" అని అందరి ముందూ నిలదీశారు. ఉచితంగా ఇచ్చే బొమ్మకి కూడా అనుమతి కావాలా? చుట్టూ పిల్లలు మూగి ఉంటే ఒక్కొక్కరి అమ్మనీ నాన్ననీ వెతుక్కుంటూ తిరగడం అయ్యే పనేనా? చెయ్యి చాపిన పిల్లకి ఇచ్చెయ్యడమే సరైన పద్ధతని నేనంటాను. మీరేమంటారు?

ఇద్దరుపిల్లలతల్లి:
అడిగి తీరాలండీ. ఇది మర్యాదకి సంబంధించిన విషయం కాదు. పగిలిన బెలూన్ ముక్కని చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు. ఆ పల్చటి రబ్బరు గొంతుకి అడ్డం పడితే శ్వాసనాళానికి అతుక్కుపోతుంది, దగ్గితే ఊడి రావడం కష్టం. అమెరికాలో 1994లో వచ్చిన చట్టం ప్రకారం, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు గాలి నింపని బెలూన్లతో, పగిలిన ముక్కలతో ఊపిరాడని ప్రమాదం ఉందని బెలూన్ ప్యాకెట్ మీద రాసి తీరాలి. ఆ హెచ్చరిక ప్యాకెట్ కొన్న మీకు కనిపిస్తుంది. మీరు చేసిచ్చిన కుక్క మీద ఏమీ రాసి ఉండదు కదా! తెలిసిన మీరు చెప్పకపోతే మాకెవరు చెబుతారు?

పాతకాలంమనిషి:
మేమంతా బెలూన్లతోనే పెరిగాం. ఎవరికీ ఏమీ కాలేదు. ప్రతిదానికీ టెన్షన్ పడితే పిల్లలకి బాల్యం ఎక్కడ మిగులుతుంది?

ఇద్దరుపిల్లలతల్లి:
ఏమీ కానివాళ్లే ఇక్కడికొచ్చి ఆ మాట చెప్పగలరు సార్.

పంపుచేతిలో:
ఈ పని మీదే బతుకుతున్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మేం వాడేది ఎక్కువగా 260 రకం. గాలి నింపితే రెండంగుళాల లావు, అరవై అంగుళాల పొడవు వస్తుందని ఆ అంకెకి అర్థం. కుక్కని చేసేటప్పుడు చివర నాలుగైదు అంగుళాలు గాలి నింపకుండా వదిలేస్తాం, ఎందుకంటే ప్రతి మెలికా గాలిని తోక వైపు తోస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ జాగా చాలినంత ఉంచరు. బెలూన్ బిగిసిపోయి, పిల్లాడు గట్టిగా నొక్కగానే పగులుతుంది. ముడి వేసేముందు కొద్దిగా గాలి వదిలితే మెత్తబడుతుంది. ఎండలో రబ్బరు త్వరగా పాడవుతుంది, గడ్డి మీద పడితే మొనలు గుచ్చుకుంటాయి. అంటే పార్కులో ఇచ్చిన బొమ్మ ఎప్పటికైనా పగిలేదే. దాన్ని లెక్కలోకి తీసుకునే ఇవ్వాలి.

ఇక అడగడం సంగతి. "కుదరదు" అనే మాటని నేను ఒప్పుకోను. బెలూన్ పంపుకి తగిలించకముందే, "ఎవరితో వచ్చావమ్మా? వాళ్లని పిలుచుకురా" అంటాను. మనం వెతకక్కర్లేదు, పిల్లలే లాక్కొస్తారు. అసలు తేడా ఎప్పుడు అడుగుతున్నామన్న దాంట్లో ఉంది. బొమ్మ తయారయ్యాక అడిగితే అది అడిగినట్టు కాదు. కళ్లముందు కుక్క ఉంది, వద్దంటే పిల్ల ఏడుస్తుంది, చెడ్డపేరు తల్లికి. మా వృత్తిలోనే కొందరు ముందు చేతిలో పెట్టేసి, తర్వాత డబ్బులకి చెయ్యి చాపుతారు. అది వ్యాపారం కాదు, పిల్లని అడ్డం పెట్టుకుని వసూలు చెయ్యడం. సరదామెలిక గారూ, మీరు డబ్బు తీసుకోరు, నిజమే. కానీ ఆ తల్లికి ఆ సంగతి ముందే ఎలా తెలుస్తుంది?

సరదామెలిక:
డబ్బు మాట నాకు తట్టలేదు, అది ఒప్పుకుంటాను. కానీ పిల్ల పక్కనే ఉండగా "ఇవ్వమంటారా?" అని అడగడం కూడా ఒత్తిడే కదా! అప్పుడూ వద్దనలేరు.

పంపుచేతిలో:
అందుకే నోటితో అడగను. పిల్ల తల మీదుగా పెద్దవాళ్ల వైపు చూసి ఖాళీ బెలూన్ ఎత్తి చూపిస్తాను. తల అడ్డంగా ఊపితే దాన్ని జేబులో పడేసి, పిల్లకి వేరే ఏదో కబురు చెబుతాను.

రబ్బరుపడదు:
మా బాబుకి లేటెక్స్ అలర్జీ. ముట్టుకుంటే దద్దుర్లు, పెదవులు వాచిపోతాయి. కొందరికి ఊపిరి కూడా ఆడదు. పిల్లలకి బెలూన్ పంచేవాళ్లు ఎవరైనా ముందు "రబ్బరు పడుతుందా?" అని ఒక్క మాట అడిగితే చాలు. మెరిసే రేకు బెలూన్లు వాడమని సలహా ఇద్దామంటే వాటితో ఇలా కుక్కలు మెలితిప్పడం కుదరదు.

పాతకాలంమనిషి:
అలర్జీ ఉన్న బాబుని దూరంగా ఉంచాల్సింది అమ్మానాన్నలు కదండీ. ఊరందరి సరదా ఎందుకు ఆపాలి?

రబ్బరుపడదు:
ఆపమని ఎవరన్నారండీ? అడగమన్నాను. నేను బాబుకి జోళ్లు తొడిగి తలెత్తేలోపు చేతిలో కత్తి ఉంటే దూరం ఎక్కడ ఉంచేది?

ఇద్దరుపిల్లలతల్లి:
నాది ఇంకో పట్టు. మూడేళ్లలోపు పిల్లలకి పెద్దవాళ్లు సరేనన్నా ఇవ్వకూడదు.

పంపుచేతిలో:
అక్కడ మీతో కలవను. ఆ వయసు పిల్లలకైతే బొమ్మని తల్లి చేతికే ఇస్తాను, పగిలితే ముక్కలన్నీ వెంటనే ఏరెయ్యమని చెబుతాను. ఆపైన నిర్ణయం వాళ్లది.

ఇద్దరుపిల్లలతల్లి:
ఏడ్చే పిల్లనెత్తుకుని గడ్డిలో పచ్చరంగు ముక్కలు ఏరి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

సరదామెలిక:
పచ్చవి ఇకనుంచి పార్కుకి తీసుకెళ్లను. మూడేళ్ల సంగతి మాత్రం ఇంకా తేల్చుకోలేదు. మిగతావాళ్లు కూడా చెప్పండి.