కోర్టు కాదన్నదాన్ని పార్లమెంటు ఔనంటే: బ్రిటన్‌లో మానవ హక్కులకు దిక్కేది?

నదీముఖం (ప్రశ్న):

బ్రిటన్ రాజకీయాలను బయటి నుంచి చూసేవాళ్లకు కొన్నేళ్లుగా ఒక సంగతి మింగుడుపడటం లేదు. యూరప్ మానవ హక్కుల ఒప్పందం ముసాయిదాలో డేవిడ్ మాక్స్‌వెల్ ఫైఫ్ లాంటి బ్రిటిష్ న్యాయవాదులది పెద్ద చెయ్యి. 1951లో అందరికంటే ముందు దాన్ని ఆమోదించిందీ ఆ దేశమే. అలాంటిచోట 2023 నవంబరు 15న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా, శరణు కోరి వచ్చినవాళ్లను రువాండాకు పంపడం చట్టవిరుద్ధమన్నారు. ఆర్నెల్లు తిరక్కుండానే, 2024 ఏప్రిల్ 25న, రువాండా సురక్షిత దేశమేనని పార్లమెంటు చట్టం చేసింది. ఒక దేశంలో పరిస్థితి ఎలా ఉందన్నది సాక్ష్యంతో తేలాల్సిన విషయం. దాన్ని ఓట్లతో తేల్చేస్తే ఇక కోర్టులెందుకు?

తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. ఆ చట్టాన్ని కోర్టు ఎందుకు కొట్టేయలేదు? కన్జర్వేటివ్, రిఫార్మ్ యూకే పార్టీలు అంటున్నట్టు ఒప్పందం నుంచి బయటికొస్తే ఏమవుతుంది? అక్కడుండే విదేశీయుడికి ఇప్పుడు చేతిలో ఉన్న దారులేమిటి?

న్యాయపీఠిక:

కొట్టేసే అధికారమే అక్కడి కోర్టులకు లేదండీ. మన దగ్గర రాజ్యాంగం పైన, పార్లమెంటు కింద. ప్రాథమిక హక్కులకు అడ్డొచ్చిన చట్టం 13వ అధికరణ కింద చెల్లదు. బ్రిటన్‌లో పార్లమెంటు పైన ఏమీ లేదు. ఒప్పందంలోని హక్కులను దేశీయ కోర్టుల్లోకి తెచ్చింది 1998 నాటి మానవ హక్కుల చట్టం, 2000 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉంది. అదీ మామూలు మెజారిటీతో వచ్చిన మామూలు చట్టమే, అదే మెజారిటీతో తీసేయొచ్చు.

అందులో నాలుగు సెక్షన్లు పట్టుకుంటే చాలు. 19వ సెక్షన్ ప్రకారం బిల్లు పెట్టే మంత్రి అది హక్కులకు లోబడి ఉందని రాసివ్వాలి, లేదా అలా చెప్పలేనని ఒప్పుకోవాలి. రువాండా బిల్లుకు హోం మంత్రి జేమ్స్ క్లెవర్లీ రెండోదే రాశారు. చెప్పలేనంటూనే ముందుకెళ్లడానికి చట్టం ఒప్పుకుంటుంది. 6వ సెక్షన్ ప్రకారం పోలీసులు, జైళ్లు, కౌన్సిళ్లు, ప్రభుత్వ ఆసుపత్రులు హక్కులకు విరుద్ధంగా నడవకూడదు. 3వ సెక్షన్, ఏ చట్టాన్నైనా వీలైనంత మేరకు హక్కులకు తగ్గట్టుగా అన్వయించమని కోర్టులకు చెబుతుంది. అదీ కుదరకపోతే 4వ సెక్షన్ కింద, హైకోర్టు, ఆ పై కోర్టులు మాత్రమే, ఈ చట్టం హక్కులతో పొసగడం లేదని ప్రకటిస్తాయి. ఆ ప్రకటన వచ్చినా చట్టం యథాతథంగా నడుస్తుంది. కేసు వేసిన మనిషికి ఆ రోజు దక్కేది ఏమీ ఉండదు.

ఇది ఎంత పెద్ద లోటో బెల్‌మార్ష్ జైలు కేసు చూస్తే తెలుస్తుంది. 2001 ఉగ్రవాద వ్యతిరేక చట్టం కింద విదేశీ అనుమానితులను విచారణ లేకుండా, గడువు లేకుండా జైల్లో పెట్టారు. 2004 డిసెంబరు 16న, అప్పట్లో అత్యున్నత కోర్టుగా ఉన్న ప్రభువుల సభ న్యాయమూర్తులు తొమ్మండుగురిలో ఎనిమిదిమంది అది హక్కులకు విరుద్ధమన్నారు. అయినా తలుపులు తెరుచుకోలేదు. 2005 మార్చిలో పార్లమెంటు ఆ నిర్బంధం బదులు కంట్రోల్ ఆర్డర్ల చట్టం తెచ్చాకే వాళ్లు బయటికొచ్చారు, అదీ కట్టుదిట్టమైన ఆంక్షలతో.

రువాండా చట్టం ఇంకో అడుగు వేసింది. ఆ దేశం సురక్షితమా కాదా అన్న విషయంలో మానవ హక్కుల చట్టంలోని 3వ సెక్షన్నూ 6వ సెక్షన్నూ పక్కన పెట్టేసింది. 4వది మాత్రం ఉంచింది, ఎందుకంటే దానివల్ల విమానం ఆగదు.

పాతపత్రిక:

పైన చెప్పింది నిజమే గానీ, సగం బొమ్మే. కోర్టుల చేతులు కట్టేసి ఉండేది పార్లమెంటు స్వయంగా చేసిన చట్టాల విషయంలోనే. మంత్రులు జారీచేసే నిబంధనలను అవి నిక్షేపంగా కొట్టేస్తాయి. నిరసనలను ఆపడానికి పోలీసులకు కావలసిన ‘తీవ్ర అంతరాయం’ అన్నదాన్ని ‘స్వల్పం కంటే ఎక్కువ’ అంతరాయం స్థాయికి దించాలని ప్రభుత్వం ప్రయత్నించింది. 2023 మొదట్లో పార్లమెంటు పైసభ అయిన ప్రభువుల సభ ఒప్పుకోలేదు. హోం మంత్రి సుయెల్లా బ్రేవర్‌మన్ అదే సంగతిని నిబంధనల రూపంలో తెచ్చారు. లిబర్టీ అనే పౌర హక్కుల సంస్థ కేసు వేస్తే 2024 మే నెలలో హైకోర్టు వాటిని కొట్టేసింది, ఏడాదికి అప్పీలు కోర్టూ సమర్థించింది. ఇక్కడ గెలిపించింది మానవ హక్కుల చట్టం కాదు, మంత్రి తనకు లేని అధికారాన్ని వాడారన్న పాత సూత్రం. అందుకే ఏ వార్త చదివినా ముందు చూడాల్సింది అది చట్టమా, దాని కింది నిబంధనా అని.

ఊరూరా తేడా కూడా ఉంది. స్కాట్లండ్ పార్లమెంటు చేసిన చట్టం ఒప్పంద హక్కులకు విరుద్ధమైతే అది చట్టమే కాదు, 1998 స్కాట్లండ్ చట్టం 29వ సెక్షన్ ఆ మాట సూటిగా అంటుంది. ఉత్తర ఐర్లండ్‌లో 2024 మే 13న బెల్‌ఫాస్ట్ హైకోర్టు, అక్రమ వలసల చట్టంలోని కొన్ని సెక్షన్లు అక్కడ వర్తించవని ఉత్తర ఐర్లండ్‌పై ఈయూతో కుదిరిన విండ్సర్ ఒప్పందం ఆధారంగా తీర్పిచ్చింది. లండన్‌లో న్యాయమూర్తికి లేని అధికారం బెల్‌ఫాస్ట్‌లో ఉందన్నమాట. ఆ తీర్పు మీద ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది.

నదీముఖం:

వివరంగా చెప్పారు, కృతజ్ఞతలు. మరి అడ్డంతా స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టే అని అక్కడి నాయకులు ఎందుకంటారు? బయటికొస్తే ఆ అడ్డు తొలగిపోతుందా?

న్యాయపీఠిక:

2022 జూన్ 14 రాత్రి మొదటి విమానం ఆగింది స్ట్రాస్‌బర్గ్ మధ్యంతర ఆదేశంతోనే, కోపం అక్కడ మొదలైంది. కానీ 2023 తీర్పు తీరిగ్గా చదివితే ఆ వాదన నిలబడదు. హింసకు గురయ్యే చోటికి మనిషిని తిప్పిపంపకూడదన్న నియమం యూరప్ ఒప్పందంలో మాత్రమే లేదని సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది. ఐరాస శరణార్థుల ఒప్పందంలో ఉంది, చిత్రహింసల వ్యతిరేక ఒప్పందంలో ఉంది, బ్రిటన్ సొంత చట్టాల్లోనూ ఉంది. సాక్ష్యమూ గట్టిదే. 2020-22 మధ్య సిరియా, యెమెన్, అఫ్గానిస్తాన్‌ల వాళ్ల దరఖాస్తులను రువాండా నూటికి నూరూ తిరస్కరించింది. అంతకుముందు ఇజ్రాయెల్‌తో చేసుకున్న ఇలాంటి ఒప్పందంలోనూ మాట నిలబెట్టుకోలేదు. స్ట్రాస్‌బర్గ్‌ను తీసేసినా ఈ సాక్ష్యం అలాగే ఉంటుంది.

బయటికి రావడం 58వ ఆర్టికల్ కింద ఆరు నెలల నోటీసుతో అవుతుంది, ఆలోపు జరిగినవాటికి జవాబుదారీ మాత్రం పోదు. దేశంలోని మానవ హక్కుల చట్టాన్ని విడిగా రద్దు చేసుకోవాలి, అది పార్లమెంటు పని. రెండు చిక్కులున్నాయి. ఉత్తర ఐర్లండ్‌లో శాంతి కోసం 1998లో కుదిరిన గుడ్ ఫ్రైడే ఒప్పందంలో, ఈ హక్కులను ఉత్తర ఐర్లండ్ చట్టంలో పెట్టి కోర్టుకెళ్లే వీలు కల్పిస్తానని బ్రిటన్ మాటిచ్చింది. దాన్ని తప్పితే శాంతి ఒప్పందాన్నే కదిలించినట్టు, నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. రెండోది ఈయూతో వాణిజ్య సహకార ఒప్పందం. మానవ హక్కుల ఒప్పందం నుంచి తప్పుకున్న రోజే అందులోని మూడో భాగం ఆగిపోతుంది. నేరస్తుల అప్పగింత, వేలిముద్రలు, డీఎన్‌ఏ వివరాల మార్పిడి ఆ భాగంలోనివే.

ఇంత చేసీ రువాండాకు బలవంతంగా ఒక్కరినీ పంపలేదు, ఇష్టపడి వెళ్లింది నలుగురు. దాదాపు 70 కోట్ల పౌండ్లు ఖర్చయిందని 2024 జులైలో కొత్త హోం మంత్రి ఇవెట్ కూపర్ పార్లమెంటుకు చెప్పారు. పథకాన్ని అప్పుడే ఆపేశారు, 2025లో ఆ చట్టాన్నీ రద్దుచేశారు.

గడువు:

మూడో ప్రశ్నకు ఎవరూ రాలేదు గనక చెబుతున్నా. ఒప్పందం మొదటి ఆర్టికల్ ప్రకారం ఆ దేశ పరిధిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ హక్కులుంటాయి, పాస్‌పోర్టు ఏదైనా సరే. చాలామంది ఓడిపోయేది హక్కు లేక కాదు, తేదీ దాటి.

ప్రభుత్వ నిర్ణయాన్ని జ్యుడీషియల్ రివ్యూలో సవాలు చేయాలంటే వెంటనే కదలాలి, ఎంత ఆలస్యమైనా మూడు నెలలు దాటకూడదు. రెండు నెలలకు పైగా ఉత్తరప్రత్యుత్తరాల్లో గడిపేసి వెళ్తే, మూడు నెలల లోపే అయినా ‘వెంటనే రాలేదు’ అని కోర్టు తిప్పికొట్టవచ్చు. మానవ హక్కుల చట్టం కింద నేరుగా దావా వేయడానికి ఏడాది. ఈ దావాకు బాధితుడు తనే అయ్యుండాలి, ఎదుటి పక్షం ప్రభుత్వ సంస్థ అయ్యుండాలి. ప్రైవేటు యజమాని మీద ఈ చట్టం కింద నేరుగా దావా వేయలేరు.

స్ట్రాస్‌బర్గ్‌కు వెళ్లాలంటే దేశంలోని కోర్టులన్నీ అయిపోవాలి, అదే అంశాన్ని ఆ కోర్టుల్లోనూ లేవనెత్తి ఉండాలి. చివరి తీర్పు నుంచి గడువు నాలుగు నెలలే. 2022 ఫిబ్రవరి 1 ముందు ఆరు ఉండేది, పాత పుస్తకాలు చూసి మోసపోవద్దు. కోర్టు ఫీజు లేదు. ఆ కోర్టు సొంత ఫారమే నింపి, సంతకంతో, తీర్పుల నకళ్లతో పోస్టులో పంపాలి. ఒక్క గడి ఖాళీగా వదిలినా, ఒక్క తీర్పు నకలు మరిచినా పరిశీలించరు, మళ్లీ పంపేలోపు గడువు ఆగదు. అందుకే చివరి వారం దాకా ఉంచకండి.